గడ్డకట్టిన సరస్సు కింద 24 గంటల శబ్దం: హైడ్రోఫోన్, బ్యాటరీలు, ప్రదర్శన గురించి సలహాలు కావాలి

వెన్నెలగుట్ట:

నమస్కారమండీ. ఫిన్లాండ్ వాయవ్యపు కొసన కిల్పిస్‌యార్వి అనే ఊళ్లో హెల్సింకి విశ్వవిద్యాలయం వారి జీవశాస్త్ర కేంద్రం ఉంది. అక్కడ బయోఆర్ట్ సొసైటీ కళాకారులకు రెసిడెన్సీ ఇస్తుంది. మార్చి చివర్లో అక్కడ పనిచేయాలని ప్రణాళిక వేసుకుంటున్నాను.

అనుకున్న పని ఇదీ. సరస్సు ఐసుకు రంధ్రం వేసి, హైడ్రోఫోన్ (నీళ్లలో వినే మైకు) దించి, 24 గంటలు ఆపకుండా రికార్డు చేయాలి. తర్వాత హైదరాబాదులో ఒక గదిలో అదే 24 గంటలూ గడియారంతో పాటే వినిపించాలి. అక్కడ తెల్లవారుజామున వినిపించింది ఇక్కడా తెల్లవారుజామునే వినిపిస్తుందన్నమాట. స్కాట్లాండ్ కళాకారిణి కేటీ ప్యాటర్సన్ ఐస్‌లాండ్‌లో పట్టినట్టు ఐసు కరిగే చిటపటలు పట్టాలని కోరిక.

చేతిలో ఉన్నవి: జూమ్ ఎఫ్3 రికార్డరు, 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్లలు (కంపనాన్ని కరెంటుగా మార్చేవి) కొన్ని, 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు. పియెజోతో హైడ్రోఫోన్ సొంతంగా చేసుకోవచ్చా, కొనక తప్పదా? మైనస్ 20 చలిలో ఈ సరంజామా రోజంతా నడుస్తుందా? గుండె గుభేలుమనే పొరపాట్లు ఏవైనా ఉంటే ముందే చెప్పండి.

నీటిచెవి:

పరికరాల కంటే ముందు ఒక మాట. మీరు కోరుకునే చిటపట ఆ సరస్సులో దొరకదు. అది హిమానీనదపు ఐసు చేసే చప్పుడు, సరస్సు ఐసు చేసేది కాదు.

ప్యాటర్సన్ 2007లో హైడ్రోఫోన్‌ను దించింది యోకుల్సార్లోన్ మడుగులో. వాట్నయోకుల్ హిమానీనదం నుంచి విరిగిపడిన ముక్కలు అందులో తేలుతుంటాయి. హైడ్రోఫోన్‌ను ఒక యాంప్లిఫయరుకీ, దాన్ని ఒక మొబైల్ ఫోనుకీ కలిపింది. ప్రపంచంలో ఎక్కడి నుంచైనా ఆ నంబరుకు ఫోన్ చేస్తే హిమానీనదం కరగడం వినిపించేది. హిమానీనదపు ఐసు అంటే ఏళ్లకేళ్లు కురిసిన మంచు తన బరువుకు తానే అణిగి గట్టిపడింది. అందులో చిక్కుకున్న గాలి బుడగల్లో పీడనం బయటి గాలి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నీళ్లలో కరుగుతూ బుడగ గోడ పలచబడగానే అది టప్పున పగులుతుంది. అలాంటివి లెక్కలేనన్ని ఒకేసారి పగిలితే నూనెలో ఆవాలు వేసినట్టుంటుంది. ఆ శబ్దశక్తి ఎక్కువగా 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఫోను లైను బాగా మోసుకెళ్లేదీ ఆ పరిధినే. ఆ పని టెలిఫోనులో అంత బాగా కుదరడానికి ఇదో కారణమని నా అభిప్రాయం.

సరస్సు ఐసు పైనుంచి కిందికి గడ్డకడుతుంది. నీటిలో కరిగిన గాలిలో చాలా భాగాన్ని కిందికి నెట్టేస్తుంది, మిగిలిన బుడగల్లో అంత ఒత్తిడి ఉండదు. కాబట్టి అది పేలదు. అది చేసే చప్పుళ్లు వేరు. గాలి ఉష్ణోగ్రత చప్పున పడిపోతే ఐసు పైపొర కుదించుకుపోవాలని చూస్తుంది, కింది పొర నీటిని అంటుకుని సున్నా దగ్గరే ఉంటుంది. ఆ లాగుడుకు పగులు వస్తుంది. పగులు దగ్గర ఉంటే కొరడా దెబ్బలా ఉంటుంది. దూరంగా ఉంటే సినిమాల్లో లేజర్ తుపాకీ పేల్చినట్టు 'ప్యూవ్'మని పైస్థాయి నుంచి కిందికి జారుతుంది. ఐసు పలకలో వంపు తరంగాలు ప్రయాణించేటప్పుడు హెచ్చు పౌనఃపున్యాలు వేగంగా వస్తాయి, తక్కువవి వెనకబడతాయి. దూరం పెరిగినకొద్దీ ఆ జారుడు సాగుతుంది. అంటే ఒక్కో 'ప్యూవ్' పొడవును బట్టి పగులు ఎంత దూరంలో వచ్చిందో పోల్చుకోవచ్చు. పీటర్ క్యూసాక్ అనే శబ్ద కళాకారుడు 2003 వసంతంలో బైకాల్ సరస్సు ఐసు శబ్దాలు రికార్డు చేశాడు. ప్యాటర్సన్ పని విన్నాక అది కూడా వినండి, తేడా అర్థమవుతుంది.

దీనివల్ల మీ పని చెడదు, దాని ఆధారం మారుతుంది. హిమానీనదంలో వినపడేది ఎన్నడో చిక్కుకున్న గాలి. సరస్సులో వినపడేది ఆ రోజు ఎండ, ఆ రాత్రి చలి. అందుకే 24 గంటల కొలత మీ సరస్సుకు సరిగ్గా సరిపోతుంది, నిడివిని సూర్యుడే నిర్ణయిస్తాడు. ప్యాటర్సన్ మరో పనిలో లాంగ్‌యోకుల్, స్నైఫెల్స్‌యోకుల్, సోల్‌హైమయోకుల్ అనే మూడు హిమానీనదాల శబ్దాలను వాటి కరిగిన నీళ్లతోనే పోసిన ఐసు రికార్డుల మీద గాళ్లుగా వేసి, మూడు టర్న్‌టేబుళ్ల మీద పూర్తిగా కరిగేదాకా తిప్పింది. దాని వీడియో 1 గంట 57 నిమిషాలు. ఆ నిడివిని నిర్ణయించింది ఐసు. 24 అనేది గుండ్రటి అంకె కాబట్టి పెట్టుకుంటే మాత్రం పని పలచబడుతుంది. సూర్యాస్తమయం నుంచి మరునాటి సూర్యాస్తమయం దాకా తీయండి.

సోల్డరుపొగ:

పియెజో ప్రశ్నకు జవాబు. చేసుకోవచ్చు, కానీ నేరుగా ఎఫ్3లో గుచ్చితే బేసు మొత్తం పోతుంది. లెక్క చూడండి. 27 మి.మీ. బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. ఎఫ్3లో ఉన్నవి ఎక్స్ఎల్ఆర్ మైకు ఇన్‌పుట్లు, వాటి ఇంపెడెన్స్ (సిగ్నలుకు ఎదురయ్యే నిరోధం) కొద్ది కిలోఓములు మాత్రమే. రెంటినీ కలిపితే హై పాస్ ఫిల్టరు అవుతుంది. 3 కిలోఓములైతే దాదాపు 2,650 హెర్ట్జ్ కింద అంతా తగ్గిపోతుంది. 10 కిలోఓములైతే సుమారు 800. అదే 1 మెగాఓము ఇన్‌పుట్ ఉంటే 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది. పియెజో శబ్దం రేకుడబ్బాలా ఉంటుందని చాలామంది దాన్ని తిడతారు. తప్పు బిళ్లది కాదు, ఇన్‌పుట్‌ది.

మందు తేలిక. కనీసం 1 మెగాఓము ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ బాక్సు (బిళ్లకూ మైకు ఇన్‌పుట్‌కూ పొత్తు కుదిర్చే చిన్న పెట్టె), ఫాంటమ్ పవర్‌తో (మైకు కేబులు గుండా రికార్డరు పంపే కరెంటు) నడిచేది, మధ్యలో పెట్టండి. పాసివ్ డీఐ తీసుకోకండి, వాటిలో చాలావాటి ఇన్‌పుట్ లక్ష ఓముల చుట్టుపక్కల ఉంటుంది. బిళ్ల నుంచి డీఐ దాకా షీల్డు ఉన్న తీగే వాడాలి, వీలైనంత పొట్టిగా. ఆ తర్వాత బ్యాలెన్స్‌డ్ కేబులు ఎంత పొడవైనా ఫరవాలేదు. షీల్డు లేకపోతే జేబులో ఉన్న ఫోను నెట్‌వర్క్ వెతికినప్పుడల్లా 'జిర్ర్ర్'మంటుంది.

సోల్డరింగ్‌లో ఇత్తడి అంచుకు ముందు, మధ్యలోని సిరామిక్‌కు తర్వాత. సిరామిక్ మీద ఐరన్ 2 సెకన్లకు మించి ఆనించకూడదు. ఎక్కువ వేడికి వెండి పూత లేచిపోతుంది, పియెజో గుణమూ తగ్గుతుంది. షీల్డు ఇత్తడికి, లోపలి తీగ సిరామిక్‌కు. నీళ్లు చొరకుండా అరాల్డైట్ లాంటి రెండు భాగాల ఎపాక్సీ పలచగా రెండు పూతలు వేయండి, మధ్యలో పూర్తిగా ఆరనివ్వండి. హాట్ గ్లూ వద్దు. చలికి పెళుసెక్కి ఊడిపోతుంది, ఆ సందులోంచి నీళ్లు చేరతాయి. తీగ బిళ్ల నుంచి బయటకొచ్చే చోటే ఎక్కువగా లీకవుతుంది, అక్కడ హీట్‌ష్రింక్ గొట్టం వేసి దాని మీద కూడా ఎపాక్సీ పూయండి. తర్వాత బకెట్ నీళ్లలో ఒక రాత్రి ఉంచి మర్నాడు వినండి. నీళ్లు చేరిందంటే శబ్దం క్రమంగా సన్నబడి, చిరచిరలు మొదలవుతాయి.

ఇంత చెప్పాక నా సలహా మాత్రం ఇది. నీటి అడుగుకు ఒక హైడ్రోఫోన్ కొనండి, పియెజోలను ఐసు మీద అంటించే కాంటాక్ట్ మైకులుగా వాడండి. అక్వేరియన్ హెచ్2ఏ అనే హైడ్రోఫోన్‌లో ఎక్స్ఎల్ఆర్ రకం మీ ఎఫ్3కి సూటిగా సరిపోతుంది, ఫాంటమ్ పవర్ ఇస్తే చాలు. 3.5 మి.మీ. ప్లగ్ ఉన్న రకం పొరపాటున కొన్నారో, దానికి ప్లగ్ఇన్ పవర్ కావాలి, అది ఎఫ్3లో లేదు.

ఇంకోటి. ఎఫ్3లో 32 బిట్ ఫ్లోట్ (శబ్దం ఎంత పెద్దదైనా ఫైలు చెడని పద్ధతి) ఉంది కదా, లెవెల్ చూడక్కర్లేదని ధీమాగా ఉండకండి. హైడ్రోఫోన్ లోపల బుల్లి యాంప్లిఫయరు ఉంటుంది. కాళ్ల కిందే పగులు వస్తే శబ్దం అక్కడే క్లిప్ అవుతుంది, అంటే దాని కొసలు తెగిపోయి చెడుతుంది. రికార్డరు దాన్ని నిక్షేపంలా భద్రపరుస్తుంది, అంతే.

మంచుబాట:

కాలం గురించి ఎవరూ మాట్లాడలేదు. మార్చి చివర అంటే ఐసు బాగా మందంగా ఉంటుంది, దాని మీద మంచు కూడా పేరుకుని ఉంటుంది. ఈ సరస్సు ఉన్నది సముద్రమట్టానికి 473 మీటర్ల ఎత్తులో, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. ఐసు పూర్తిగా పోయేది సాధారణంగా జూన్‌లో. లేజర్ శబ్దాలు బాగా పలికేది శీతాకాలం మొదట్లో, ఐసు పలచగా, పైన మంచు లేకుండా ఉన్నప్పుడు. మంచు దుప్పటి కప్పేస్తే గాలి చలి ఐసుకు తగలదు. నీటిచెవి గారు చెప్పిన లాగుడు అప్పుడు తగ్గిపోతుంది. ఐసు ఎంత పలచగా ఉంటే స్వరం అంత పైస్థాయిలో ఉంటుంది, కాబట్టి మార్చిలో మీకు దొరికేవి ఎక్కువగా మూలుగులు, దూరపు ఉరుములు. గాలి మంచును ఊడ్చేసిన పట్టీలు వెతకండి, సరస్సు నడిమధ్య అలాంటివి ఉండొచ్చు. పారతో కొంచెం మేర శుభ్రం చేస్తే కాంటాక్ట్ మైకు అంటించడానికి పనికొస్తుంది గానీ సరస్సు దానికి పలకదు.

మంచు బరువుకు ఐసు కిందికి కుంగినప్పుడు పగుళ్లలోంచి నీళ్లు పైకి ఎగదన్ని, మంచు అడుగున బురదలాంటి పొర తయారవుతుంది. పైనుంచి చూస్తే తెల్లగా, పొడిగా ఉంటుంది. రికార్డరు పెట్టెను నేరుగా పెడితే రాత్రికి తడిసి, తెల్లారేసరికి ఐసులో బిగుసుకుపోతుంది. కనీసం 5 సెంటీమీటర్ల ఫోమ్ పలక వేసి, దాని మీద మూత గట్టిగా పడే పెట్టె పెట్టండి. చుట్టూ, పైనా పొడి మంచు కప్పండి. మంచు కింద పెట్టె బయటి గాలి కంటే చాలా వెచ్చగా ఉంటుంది, బ్యాటరీలకు ఇదే అన్నిటికంటే చౌకైన రక్షణ.

రంధ్రం వేయడానికి 15 సెంటీమీటర్ల చేతి బర్మా చాలు. ఐసు దగ్గర దగ్గర మీటరు ఉండొచ్చు, పొడిగింపు కడ్డీ ఉందో లేదో ముందే అడగండి. హైడ్రోఫోన్‌ను ఐసు అడుగు నుంచి కనీసం 2 మీటర్ల కిందికి దించండి. మరీ దగ్గరైతే రంధ్రం అంచుల్లో నీళ్లు కదిలే గుబగుబ మాత్రమే వినిపిస్తుంది. కేబులు చివర చిన్న రాయి కట్టండి. పైన కేబుల్‌ను కర్రకు గట్టిగా ముడేయకండి, మధ్యలో ఒక ఎలాస్టిక్ ముక్క ఉండాలి. లేకపోతే గాలికి కర్ర కదిలిన ప్రతిసారీ ఆ చప్పుడు కేబులు గుండా దిగి మీ రికార్డింగంతా నిండుతుంది.

రంధ్రం రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. అసలు ప్రమాదం కేబులు తీసేటప్పుడే. గడ్డపారతో కొడుతుంటే కేబులు తెగుతుంది. అందుకే కేబుల్‌ను ఒక పీవీసీ గొట్టంలోంచి దించండి, గొట్టం ఐసు అడుగు దాటి 20 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. తీసేటప్పుడు గొట్టం చుట్టూ కొట్టి మొత్తాన్నీ కలిపి పైకి లాగొచ్చు. గడ్డకట్టకుండా ఉండాలని యాంటీఫ్రీజ్ లాంటివి పోయడం మాత్రం వద్దే వద్దు, అది జనం నీళ్లు.

నడకకు కనీసం 10 సెంటీమీటర్ల గట్టి నల్ల ఐసు (బుడగల్లేని పారదర్శకమైన ఐసు) అనేది సాధారణ నియమం, తెల్లటి మంచు ఐసైతే దానికి రెట్టింపు. మార్చిలో అక్కడ మందం సమస్య కాదు. వాగు కలిసే చోటు, నీళ్లు బయటికి పోయే చోటు, వంతెనల కింద మాత్రం ఏ కాలంలోనూ నమ్మకూడదు. మెడలో ఐసు మేకుల జత (నీళ్లలో పడితే ఐసుకు గుచ్చి పైకి రావడానికి) వేలాడాలి. ఒంటరిగా వెళ్లకండి. రంధ్రం పక్కన కొమ్మలు గుచ్చి గుర్తు పెట్టండి, అక్కడ స్నోమొబైళ్లు సరస్సు మీదే తిరుగుతాయి. అన్నట్టు మార్చి, ఏప్రిల్ స్కీయింగ్ చేసేవాళ్ల సీజను. స్నోమొబైలు మోత నీటి అడుగున చాలా దూరం వినిపిస్తుంది. బాటకు ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోండి. పరికరం రాత్రంతా వదిలేసే ముందు కేంద్రం వాళ్లకు చెప్పండి.

సోల్డరుపొగ:

బ్యాటరీల సంగతి కూడా చెప్పేస్తాను. ఎఫ్3లో రెండు ఏఏ సెల్స్ పడతాయి, ఫాంటమ్ పవర్ ఇస్తూ 24 గంటలకు అవి ఏ మూలకూ రావు. యూఎస్‌బీ మీద నడపాలి. మీ పవర్‌బ్యాంకు సుమారు 74 వాట్అవర్లు, విమానంలో చేతిసంచిలో తీసుకెళ్లడానికి 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు, చెక్ఇన్ సామానులో మాత్రం పెట్టకూడదు. మైనస్ 20లో అందులో సగం వస్తే సంతోషించాలి. మంచు కింద పెట్టినా సరే, రెండు తీసుకెళ్లండి. చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, సున్నా కింద ఛార్జ్ చేస్తే లిథియం అయాన్ సెల్ లోపల శాశ్వతంగా పాడవుతుంది. రికార్డరులో మాత్రం లిథియం ఏఏ సెల్స్ వేసి ఉంచండి, ఆల్కలైన్ కాదు. పవర్‌బ్యాంకు చచ్చిపోతే అవి అందుకుని ఫైలును సరిగ్గా మూసేదాకా నిలబడతాయి.

కొన్ని పవర్‌బ్యాంకులు తక్కువ కరెంటు లాగే పరికరం ఉంటే ఏమీ లేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. ఇది ఇంట్లోనే తేల్చుకోవాల్సిన విషయం. మొత్తం సరంజామాను డీప్ ఫ్రీజరులో మైనస్ 18 దగ్గర పెట్టి, తలుపు సందులోంచి కేబులు బయటికి తీసి, 24 గంటలు నిజంగా రికార్డు చేసి చూడండి. రెండు చానెళ్లు, 48 కిలోహెర్ట్జ్, 32 బిట్ అంటే గంటకు 1.38 జీబీ, రోజుకు 33 జీబీ. 64 జీబీ కార్డు సరిపోతుంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు, అంటే మీ లెక్కలో సుమారు 3 గంటలు. ఆ హద్దు దగ్గర మీ రికార్డరు ఏం చేస్తోంది, ముక్కలు అతుకు లేకుండా కలుస్తున్నాయా అన్నది కూడా ఆ పరీక్షలోనే తేలుతుంది.

చలి నుంచి తెచ్చాక వెచ్చటి గదిలో పెట్టె తెరవకండి. జిప్ సంచిలో గాలి తీసి మూసి, గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు అలాగే ఉంచండి. ఆత్రంగా తీస్తే సర్క్యూట్ బోర్డు మీద చెమ్మ పడుతుంది.

వెన్నెలగుట్ట:

చిటపటల ఆశ వదిలేశాను. సూర్యాస్తమయం నుంచి మొదలుపెట్టడం కుదిరింది, థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. స్టీరియో కోసం రెండు హైడ్రోఫోన్లు వాడితే మధ్య దూరం ఎంత ఉండాలి? మంచు వల్ల గంటల తరబడి ఏమీ వినిపించకపోతే 24 గంటలను కుదించి గంటలో వినిపించడం తప్పా?

నీటిచెవి:

దూరం: సున్నా దగ్గర మంచినీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,400 మీటర్లు పోతుంది, గాలిలో వేగానికి నాలుగు రెట్ల పైమాటే. మన రెండు చెవుల మధ్య దూరాన్ని అదే నిష్పత్తిలో పెంచితే 70, 75 సెంటీమీటర్లు వస్తుంది. కానీ మీరు గదిలో స్పీకర్లతో వినిపిస్తారు గనుక ఆ లెక్కకు కట్టుబడక్కర్లేదు. 8 నుంచి 10 మీటర్ల ఎడంతో రెండు రంధ్రాలు వేయండి, పగుళ్లు ఒక వైపు నుంచి మరో వైపుకు పరుగెత్తడం తెలుస్తుంది. రెండూ ఒకే రికార్డరులోకి రావాలి. వేర్వేరు రికార్డర్లు వాడితే గడియారాలు విడిపోతాయి, 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు. అప్పుడు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఐసును గట్టిగా తట్టి ఆ గుర్తులతో కలుపుకోవాలి. ఒక చానెలుకు హైడ్రోఫోన్, ఇంకోదానికి ఐసు మీది పియెజో అన్నా మంచి జతే. ఒకే పగులు నీళ్లలో ఒకలా, ఐసులో ఇంకోలా వినిపిస్తుంది. నేనైతే అదే ఎంచుకుంటాను.

కుదింపు: నాకు నచ్చదు. 24 రెట్లు వేగం పెంచితే స్వరం కూడా 24 రెట్లు పెరిగి సగం చెవికి అందకుండా పోతుంది. స్వరం మార్చకుండా కుదిస్తే పగుళ్ల అంచులు అరిగిపోతాయి. ఖాళీలు కత్తిరించి పగుళ్లు మాత్రమే పేర్చితే అది సరస్సు కాదు, సౌండ్ ఎఫెక్ట్‌ల డబ్బా. గంటసేపు ఏమీ లేకపోతే ఆ గంటను అలాగే ఉంచండి.

భూకంపరేఖ:

కుదింపుకు న్యాయమైన చోటు ఒకటుంది. చెవి వినలేని శబ్దం. భూకంపమాపకం సెకనుకు 100 నమూనాలు తీస్తుందనుకోండి. ఆ అంకెలనే 10,000 హెర్ట్జ్ వేవ్ ఫైలుగా రాస్తే 100 రెట్ల వేగం. 0.2 హెర్ట్జ్ కదలిక 20 హెర్ట్జ్ అయి వినికిడి అంచుకు వస్తుంది, 24 గంటలు 14 నిమిషాల 24 సెకన్లలో పూర్తవుతాయి. ఇక్కడ వేగం పెంచకపోతే వినడానికే ఏమీ లేదు. అమెరికన్ స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ 2006లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్న మ్యూజియంలో మొదలుపెట్టిన గది కూడా ఈ దారిదే. భూకంప, భూఅయస్కాంత, వాతావరణ డేటాను, సూర్యచంద్రుల స్థానాలను అప్పటికప్పుడు శబ్దంగా, రంగుల వెలుతురుగా మారుస్తుంది. అది రికార్డింగు కాదు, ఆ క్షణాన నడుస్తున్నదే.

మీ ప్రదర్శన హైదరాబాదులో అంటున్నారు గనుక ఇది పనికిరావచ్చు. అక్కడి ఎన్‌జీఆర్ఐలో (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) జియోస్కోప్ అనే భూకంపమాపకాల నెట్‌వర్కు స్టేషను ఉంది, కోడ్ హెచ్‌వైబీ. ఆ డేటా బయటివాళ్లకూ అందుతుంది. ఆబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీతో దించుకుని, అంకెల్లో నెమ్మదిగా వచ్చే ఏటవాలును తీసేసి, 0.1 హెర్ట్జ్ పైనున్నది మాత్రమే మిగిలేలా ఫిల్టరు చేసి వేవ్‌గా రాయొచ్చు. ఫిల్టరు మరిస్తే మొదటి సెకనులోనే స్పీకరు కోను బయటికి తన్నుకొస్తుంది, జాగ్రత్త. మీ సరస్సు పక్కన అదే తేదీ హైదరాబాదు నేలను పెట్టమని చెప్పడం లేదు, పెట్టాలనిపిస్తే దారి ఉందని చెప్తున్నానంతే.

కొయ్యపెట్టె:

ప్రదర్శన గది మీద నా రెండు మాటలు. సరస్సు మూలుగుల్లో శక్తి అంతా 100 హెర్ట్జ్ కింద ఉంటే బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో సగం వినపడదు. సబ్‌వూఫరు పెడితే గది మూలల్లో బేసు ఉబ్బి అసలు శబ్దం చెడుతుంది. దానికంటే 18 మి.మీ. ప్లైవుడ్ బల్ల చేయించి, అడుగున బేస్ షేకరు (శబ్దాన్ని కంపనంగా బల్లకు ఎక్కించేది) ఒకటి బిగించి, జనాన్ని దాని మీద కూర్చోబెట్టండి. బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు బిళ్లలు తప్పనిసరి, లేకపోతే కింది అంతస్తు వాళ్లు పైకొస్తారు. పై శబ్దాలకు రెండు మామూలు స్పీకర్లు, చెవి ఎత్తులో.

అసలు శత్రువు ఫ్యాన్లు, ఏసీ. మన గ్యాలరీల్లో వాటి రొద నిశ్శబ్దమైన గంటల్ని మింగేస్తుంది, జనం ప్లేయరు ఆగిపోయిందనుకుని మీకు ఫోన్ చేస్తారు. స్ప్లిట్ ఏసీ ఉన్న చిన్న గది అడగండి, తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేయించండి. గోడ మీద రికార్డయినప్పటి కిల్పిస్‌యార్వి సమయం చూపించే గడియారం పెడితే ఆ గందరగోళం చాలావరకు తీరుతుంది.

ప్లేయరుగా ల్యాప్‌టాప్ వద్దు. అర్ధరాత్రి అప్‌డేట్ అడుగుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు, దానికో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసు, చిన్న యూపీఎస్ చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫైలు మొదటి నుంచి కాకుండా గడియారం చూసుకుని ఆ సమయం దగ్గర్నుంచే మొదలయ్యేలా స్క్రిప్టు రాయించండి. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో సొంత గడియారం ఉండదు, నెట్ లేకపోతే తప్పు సమయం చూపిస్తుంది. ఆర్‌టీసీ మాడ్యూలు (కరెంటు లేకున్నా నడిచే గడియారం) ఒకటి చిన్న బ్యాటరీతో సహా పెట్టండి. మార్చి చివరి ఆదివారం యూరపులో గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, మీ రికార్డింగు తేదీలు దాని చుట్టుపక్కలే ఉన్నాయి. ఎఫ్3 గడియారాన్ని యూటీసీలో (ఇలా ముందుకూ వెనక్కూ జరపని ప్రపంచ ప్రామాణిక సమయం) పెట్టుకుని వెళ్లండి.